ఇసుక మీద పరిచిన నీళ్లు

సూర్యాపేట జిల్లా ఎడిషన్‌కు స్టాఫ్ ఫొటోగ్రాఫర్‌గా నన్ను బదిలీ చేసేనాటికి నా సర్వీసు నాలుగేళ్లు మిగిలి ఉంది. జూన్ మొదటి సోమవారం చేరాను. సూర్యాపేట, కోదాడ, హుజూర్‌నగర్ నా పరిధి. మిర్యాలగూడ పక్క జిల్లాలోది. అయినా అక్కడి ఫొటోగ్రాఫర్ పోస్టు చాలాకాలంగా ఖాళీగా ఉండటంతో అది కూడా నాకే అంటగట్టారు. ఒక మోటార్‌సైకిలు, రెండు కెమెరాలు, రోజుకు నాలుగు ఫొటోలు. జిల్లా ఎడిషన్ అంటే ప్రధాన పత్రికలో పెట్టి ఇచ్చే చిన్న సైజు పేజీలు. ఆ పేజీల్లో వచ్చే మనుషులు మరునాడు బస్టాండులో మనకు ఎదురుపడతారు. ఆ ఉద్యోగంలోని సుఖం, కష్టం రెండూ అదే.

నేను చెప్పబోయేది ఆ నాలుగేళ్లలో చివరి ఏడాది సంగతి. దానికి ముందు, మాట్ పెయింటింగ్ నేను ఎందుకు నేర్చుకున్నానో చెప్పాలి.

ఇది మొదట సినిమావాళ్ల పని. సెట్టు వేయలేని కోటనో కొండనో గాజు పలక మీద గీసి, అసలు దృశ్యంతో అతుకు తెలియకుండా కలిపేవారు. ఇప్పుడు గాజు లేదు. పది ఫొటోల నుంచి ముక్కలు తీసుకుని, కంప్యూటర్‌లో ఒకదానిపై ఒకటి పొరలుగా పేర్చి, మధ్య మధ్య కుంచెతో సరిచేసి, ఒకే చోట ఒకే క్షణంలో తీసినట్టు కనిపించే బొమ్మ చేస్తారు. పర్యాటక ప్రత్యేక సంచిక ముఖచిత్రానికి నాగార్జునసాగర్ గేట్లు ఎత్తిన సాయంకాలపు దృశ్యం కావాలని హెడ్డాఫీసు అడిగింది. ఆ ఏడు అప్పటికి గేట్లు ఎత్తలేదు. నా దగ్గర పాత ఫొటోలు ఉన్నాయి గానీ అన్నీ పొద్దుటివి. చిత్రం కింద ‘డిజిటల్ చిత్రణ’ అని వేస్తామన్నారు కాబట్టి అందులో తప్పేమీ లేదు. నాకు చేయడం రాదు, అంతే.

కోదాడలో సుజాత గారికి ఒక డిజైనింగ్ షాపు ఉంది. పెళ్లి ఆల్బమ్‌లు, ఫ్లెక్సీలు చేస్తుంది. ఆమె తండ్రి చర్చి పాఠశాలలో డ్రాయింగ్ మాస్టారు. ఆమె చేతిలో కుంచె ఆడుతుందని విని నా సాగర్ బొమ్మ పట్టుకెళ్లాను. ఒక్క చూపు చూసి నవ్వింది.

“నురగ మీద పొద్దున్నే ఉందండీ అన్నయ్యగారూ, కొండ మీద సాయంత్రం అయిపోయింది. మధ్యలో జనం టిఫిను తినాలా, దీపాలు పెట్టుకోవాలా?”

అలా మొదలైంది. ఆ తర్వాత రెండేళ్లపాటు, వారపు సెలవు రోజున ఆమె షాపులో ఓ మూల కూర్చుని నేర్చుకున్నాను. ముప్పై ఏళ్లు ఫొటోలు తీసినవాడికి వెలుగు గురించి ఇంకొకరు చెప్పేదేముందని అనుకునేవాణ్ణి. వెలుగును పట్టడం వేరు, రెండు వెలుగులను రాజీ చేయడం వేరు. మొదట చూడవలసింది కనుచూపు గీత. నిలబడి తీసిన ఫొటో, కూర్చుని తీసిన ఫొటో ఎంత అందంగా ఉన్నా కలవవు. రెండోది, వెలుగు ఎటు నుంచి వస్తోంది, నీడ అంచు పదునుగా ఉందా, కరిగి ఉందా అన్నది. మూడోది దూరం. దూరం పోయేకొద్దీ నలుపు నలుపుగా ఉండదు, బూడిదబారుతుంది. దగ్గరి చెట్టు నలుపును దూరపు చెట్టుకు ఇచ్చారా, ఆ చెట్టు ముందుకు దూకుతుంది. ఇక అంచులు. ఆకుల సందుల్లో పాత ఆకాశం ఒక్క చుక్క మిగిలినా కన్ను అక్కడే ఆగుతుంది. చివరన గ్రెయిన్, అంటే ఫొటోను బాగా పెద్దది చేస్తే కనిపించే సన్నని చుక్కల పొర. అన్ని ముక్కలకూ ఆ పొర ఒకేలా ఉండాలి. ఇవన్నీ అయ్యాక బొమ్మను అడ్డంగా తిప్పి, కళ్లు చిట్లించి చూడాలి. అప్పుడు కూడా ఏదీ గుచ్చుకోకపోతే పని అయినట్టు.

“మొన్నొక పెళ్లికొడుకు వెనకాల మంచు కొండలు పెట్టానండీ,” అని ఒకరోజు చెప్పింది. “అన్నీ కుదిరాయి. మొహం మీద చెమట తుడవడం మర్చిపోయా. మంచులో మా అల్లుడికి చెమటలేంటి, జ్వరమా అని వాళ్ల మేనమామ ఒకటే గొడవ.”

ఆమె దగ్గర అభ్యాసానికి నేను ఎక్కువగా వాడిన ఫొటో ఒకటుంది. మిర్యాలగూడ దగ్గర ఎడమ కాలువ కింద నీళ్లు నిండిన వరి మడి. పైరు కొసలు నీళ్ల పైకి లేచి, మబ్బు పట్టిన ఆకాశం కింద సమంగా పరుచుకుని ఉండేది. నీడలు లేని వెలుగు కాబట్టి దేనితోనైనా కలుస్తుంది. దాని మీద ఎన్నో కొండలు, గుడిసెలు, రైలు వంతెనలు పెట్టి చూశాను.

మా పత్రికలో ఒక నియమం ఉంది. వార్తా చిత్రాన్ని కత్తిరించవచ్చు, వంకర సరిచేయవచ్చు, వెలుగు కాస్త పెంచవచ్చు, తగ్గించవచ్చు. చేర్చకూడదు, తీసేయకూడదు. కొత్తగా వచ్చిన ఫొటోగ్రాఫర్లకు ఈ నియమం చెప్పే బాధ్యత సీనియర్‌గా నాదే.

ఆఖరి ఏడాది ఆగస్టు చివర్లో మూడు రోజులు ముసురు పట్టింది. ఆదివారం తెల్లవారుజామున కోదాడకు ఇవతల ఒక ఊళ్లో చెరువు కట్టకు గండి పడింది. ఆ ఊరి పేరు రాయను. ఆ మండల విలేకరి పొద్దున ఎనిమిదింటికే ఫోన్ చేశాడు. నేను అప్పుడు సుజాత గారి షాపులోనే ఉన్నాను. ఒక అనుబంధం ముఖచిత్రానికి తుమ్మచెట్టు కొమ్మల సందులు శుభ్రం చేస్తున్నాను. గంటలో వస్తానన్నాను. అవతల వాన, ఇవతల సందులు. మధ్యాహ్నం అయింది. రేపు పొద్దున్నే వెళ్దామనుకున్నాను. అప్పటికి ఊళ్లో మోకాటి లోతు నీళ్లున్నాయి. వెళ్లి ఉంటే అసలు ఫొటోయే దొరికేది.

సోమవారం నేను వెళ్లేసరికి నీళ్లు వాగులోకి దిగిపోయాయి. గండి కింద పొలాల్లో ఇసుక మేట వేసింది. ఇరవై రోజుల నాటు ఇసుక కింద ఉంది. పైకి ఏమీ కనిపించదు. బయటివాళ్లకు అది ఎండిపోయిన వాగులా ఉంటుంది తప్ప పొలంలా ఉండదు.

అక్కడ సైదమ్మ ఉంది. నలభై ఏళ్లుంటాయి. రెండెకరాలు కౌలుకు చేస్తోంది. నన్ను చూడగానే వంగి, చేతులతో ఇసుక తోడి, అడుగు నుంచి ఒక పైరు కుదురు పీకి చూపించింది.

“సూడు సారూ. నాటేసిన కాడ నాటును తవ్వి తియ్యవడ్తి.”

ఆమె పాదాలు చీలమండల దాకా ఇసుకలో దిగి ఉన్నాయి. నేను కెమెరా ఎత్తితే కొంగు సర్దుకుంది.

“జర మంచిగ తియ్యి సారూ. పాసుబుక్కు పటేల్ పేరున ఉన్నది. నేను గీడ పంట ఏసినట్టు ఇగ ఈ ఫొటోనే సాక్షి.” నేను వరుసగా తీస్తుంటే నవ్వింది కూడా. “మా పెండ్లిల గూడ గిన్ని దియ్యలే.”

పదకొండు ఫొటోలు తీశాను. ఆమెకు అవి ఎందుకు అవసరమో ఇక్కడ చెప్పాలి. పంట నష్టం రాసేటప్పుడు వ్యవసాయ విస్తరణాధికారి పొలానికి వచ్చి, సర్వే నంబరు, పంట, నష్టం ఎంతన్నది రాసుకుంటారు. నీట మునిగిన పైరు నీళ్లు త్వరగా తీస్తే చాలావరకు కోలుకుంటుంది. ఇసుక మేట వేసిన పొలంలో పైరు పోయినట్టే. పట్టాదారుకు కాగితం ఉంటుంది. కౌలుదారు మాత్రం పొలంలో నిలబడి ఇది నేను వేసిన పంట, ఇలా పోయింది అని నమ్మించాలి. జాబితాలో పేరు ఎక్కితేనే ఆమె ఆ ఏడు రైతు.

సాయంత్రం నాలుగింటికి సూర్యాపేట ఆఫీసులో ఫొటోలు తెరిచాను. తెల్లటి ఆకాశం, తెల్లటి ఇసుక, మధ్యలో ఒక మనిషి. వరద అన్న మాటకు అందులో ఆధారం లేదు. అంతలో డెస్క్ ఇన్‌చార్జి కేక వేశాడు.

“అన్నా, గండి వార్త మొదటి పేజీకి పెట్టిన. నీళ్లున్న ఫొటో ఉన్నదా? ఇసుక ఫొటో పెడితే బీచ్ అనుకుంటరు.”

“ఉంది,” అన్నాను.

ఆ ఒక్క మాటకు ముందు ఎంత సేపు ఆలోచించానో గుర్తు చేసుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. ఆలోచించలేదు. ఆదివారం వెళ్లలేదని చెప్పడం ఇష్టం లేదు, అంతే.

మిర్యాలగూడ మడి ఫొటో తీశాను. రెండూ నిలబడి తీసినవే. కనుచూపు గీతలు దాదాపు కలిశాయి. రెండు చోట్లా మబ్బు వెలుగే. సైదమ్మను, ఆమె వెనకున్న తాటిచెట్లను ఉంచి, ఇసుకనంతా మాస్క్ కింద దాచేశాను. మాస్క్ అంటే పొరలో మనకు అక్కర్లేని భాగాన్ని చెరపకుండా కనిపించకుండా చేసే తెర. కాలువ నీళ్లు తేటగా ఉంటాయి, గండి నీళ్లు ఎర్రగా ఉంటాయి. కాబట్టి నీళ్లకు ఎర్రమట్టి రంగు ఎక్కించాను. ఆమె పిక్కల దగ్గర నీటి గీత గీసి, చీర అంచును తడిసినట్టు ముదురు చేశాను. ఆమె బొమ్మనే తలకిందులు చేసి, నలుపు తగ్గించి, అలల మీద ప్రతిబింబంలా చెదరగొట్టాను. పైన నా పాత ఫొటోల నుంచి ఒక కారుమబ్బు. చివరన గ్రెయిన్. అడ్డంగా తిప్పి, కళ్లు చిట్లించి చూశాను. ఏదీ గుచ్చుకోలేదు. మొత్తం గంటంబావు పట్టింది. సిగ్గుపడవలసిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ గంటంబావు నాకు చాలా సంతోషంగా గడిచింది.

‘నీట మునిగిన వరి పొలంలో కౌలు రైతు సైదమ్మ’ అన్న వ్యాఖ్యతో నాలుగు కాలమ్‌ల వెడల్పున వేశారు. కింద నా పేరు. హెడ్డాఫీసు నుంచి ఎడిషన్ ఎడిటర్ ఫోన్ చేసి మెచ్చుకున్నారు. బుధవారం సుజాత గారు ఫోన్ చేసింది. కాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడింది.

“అన్నయ్యగారూ, పేపర్లో ఆ మడి గట్టు వంపు నాకు తెలిసినట్టే ఉందండీ. మన మిర్యాలగూడ ఫొటో కదూ?”

నేను బల్ల మీది పేపరును బోర్లించాను.

“నేను మంచు కొండలు పెడితే పెళ్లివాళ్లే పెట్టమంటారు. అందరికీ తెలుసు అది ఉత్తదని. ఆవిడ అడిగిందా మిమ్మల్ని?”

పని ఉందని ఫోన్ పెట్టేశాను. తర్వాత చాలా వారాలు కోదాడ షాపుకు వెళ్లలేదు.

ఈలోగా ఊళ్లో ఒకటి జరిగింది. పొలం పట్టాదారు, సైదమ్మ చెప్పిన ఆ పటేల్, మూడు ట్రాక్టర్లు పెట్టి ఇసుక తోలించి, మడి దున్నించేశాడు. ఇసుక తోలడానికి అనుమతి ఉండాలి. అతనికి లేదు. కాబట్టి అక్కడ ఇసుక ఉందన్న మాటే అతను ఒప్పుకోడు. అతని మాట కాదని చెప్పడానికి పక్క పొలాలవాళ్లకు ధైర్యం చాలదు. మరుసటి వారం గురువారం విస్తరణాధికారి వచ్చేసరికి అక్కడ ఉన్నది దున్నిన మడి, సైదమ్మ, ఆమె చేతిలో మడిచిన మా పేపరు.

శుక్రవారం మధ్యాహ్నం సైదమ్మ బస్సెక్కి సూర్యాపేట ఆఫీసుకు వచ్చింది. మంచినీళ్లిస్తే తాగలేదు. పేపరు నా బల్ల మీద పరిచింది.

“సారూ, ఇందుల ఇసుక ఏది?”

నేను పేపరు వైపు చూశాను.

“నేను ఇసుకల గదా నిలవడ్డది. నా కాళ్ల కాడికి గీ నీళ్లెట్ల వచ్చినయ్? ఆ మేడం ఏమన్నదో తెలుసా? అమ్మా, పైరు పచ్చగనే ఉన్నది గద ఫొటోల, నీళ్లు దీస్తే లేస్తుండె, పైసల కోసం దున్నిచ్చిన్రా అన్నది. ఊరందరి ముందట. ఇసుక ఉండె మేడం అంటే, మరి పేపరోళ్లకు కనవడలేదా అన్నది.” ఆమె వేలు పెట్టి ఫొటో మీద రుద్దింది, అడుగున ఏదైనా తేలుతుందేమోనన్నట్టు. “ఇంకా తీస్తిరి గద సారూ. శానా తీసిన్రు. ఇసుకది ఒక్కటియ్యిండ్రి. సోమవారం లిస్టు అంటిస్తరట, బేస్తవారం లోపట చెప్పుకోవాల్నట.”

పదకొండు ఫొటోలు నా వెనక బీరువాలో హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి. ఒక్క ప్రింట్ ఇస్తే చాలు. ఇస్తే ఆ ప్రింట్, పత్రికలోని ఫొటో ఒకే బల్ల మీదికి వస్తాయి. నా పదవీ విరమణకు ఎనిమిది నెలలుంది. వీడ్కోలు సభలో నా గురించి ఏమంటారో అప్పటికే ఊహించుకుంటూ ఉండేవాణ్ణి.

“కార్డు పాడైందమ్మా. ఫొటోలన్నీ పోయాయి,” అన్నాను.

 ఆమె పేపరు మడిచింది.

“పోనీ తియ్ సారూ. మిషిన్లు గంతే. నువ్వేం జేస్తవ్.”

నన్ను ఓదార్చి వెళ్లింది.

సోమవారం జాబితా అంటించారు. ఆమె పేరు లేదు. మంగళ, బుధవారాలు రెండూ నేను డ్యూటీ చేశాను. ఒక వాలీబాల్ పోటీ, ఒక ధర్నా. గురువారం పొద్దున ఆ హార్డ్ డిస్క్ బయటికి తీసి, నాలుగు ప్రింట్లు వేయించి, రైతు వేదికకు వెళ్లాను. వ్యవసాయ విస్తరణాధికారులు కూర్చునేది అక్కడే. సైదమ్మ చెప్పిన మేడం చిన్న వయసు మనిషి. ఆమెను నిందించడానికి ఏమీ లేదు. కనబడిన ఆధారాన్ని బట్టి ఆమె రాసింది. ప్రింట్లు చూసి ఎప్పటివని అడిగింది. గండి పడిన మర్నాటివని చెప్పాను. మరి పేపర్లో వచ్చిందేమిటి? చెప్పాను.

ఆమె కోపపడలేదు. ప్రింట్లను ఒకదానిపై ఒకటి సర్ది పెట్టింది.

“లిస్టు నిన్న సాయంత్రమే పైకి పోయింది సార్. ఇవాళ పన్నెండు దాకా టైముందని రాసినం గని, అభ్యంతరాలేం రాలేదని నిన్ననే పంపించేసినం. నేను లెటర్ పెడ్త. అయితదో కాదో చెప్పలేను.” పై ప్రింట్ చూస్తూ అంది. “ఆమె నా చెయ్యి పట్టుకుని చెప్పింది సార్, ఇసుకుండె అని. నేను మీ ఫొటోను నమ్మిన.”

లేఖ పెట్టింది. జవాబు రాలేదు. నేను ఎడిటర్‌కు జరిగినదంతా రాసి పంపాను. మెమో వచ్చింది. అయిదో పేజీలో రెండు వాక్యాల సవరణ వేశారు. వీడ్కోలు సభ జరిగింది, బాగానే మాట్లాడారు. సవరణ ఎవరూ చదివినట్టు లేదు.

సైదమ్మ దగ్గరికి మాత్రం ఆ గురువారమే వెళ్లాను. ఆమె వేరేవాళ్ల చేలో పత్తికి కలుపు తీస్తోంది. కూలికి వచ్చిన మరో నలుగురు ఉన్నారు. ప్రింట్లు ఇచ్చాను. చేతులు చీరకు తుడుచుకుని అందుకుంది. ఇసుక, పాదాలు, చేతిలో పైరు కుదురు. చాలాసేపు చూసింది.

“కార్డు పాడయిందంటిరి.”

“పాడవలేదమ్మా. ఆ రోజు అబద్ధం చెప్పాను. నీళ్లు నేనే పెట్టాను.”

పక్కనున్న ముసలామె కొడవలి పట్టుకునే అడిగింది, “ఏందే సైదీ, మిషిన్ ఖరాబయిందని పాపం సారును ఏమనొద్దంటివి, నాతోటి కొట్లాట పెట్టుకుంటివి. గీ సారేనా?”

 సైదమ్మ నాలుగింటిలో తన చేతిలో పైరు ఉన్నదాన్ని తీసి జాకెట్లో పెట్టుకుంది. మిగతా మూడూ నాకు తిరిగిచ్చింది.

“ఒక్కటి సాలు,” అని మళ్లీ వరుసలోకి వెళ్లిపోయింది.

యాసంగికి, అంటే రబీ పంటకు, ఆ రెండెకరాలు పట్టాదారు వేరొకరికి కౌలుకిచ్చాడని తర్వాత తెలిసింది. అధికారుల దాకా పోయిన మనిషి వద్దన్నాడట.

రిటైరయ్యాక కూడా మాట్ పెయింటింగ్ వదలలేదు. ఇప్పుడు కొందరికి నేర్పుతున్నాను. అంచులు ఎలా కలపాలి, నలుపు ఎంత ఉంచాలి అని అడుగుతారు, చెబుతాను. ఒకటి మాత్రం వాళ్లు అడగకముందే చెబుతాను. ఈ పనిలో మనం ఏం చేర్చామన్నది ఎవరైనా పట్టుకోవచ్చు, గట్టు వంపును సుజాత గారు పట్టుకున్నట్టు. మన పని బాగా కుదిరితే, దేన్ని కప్పామన్నది ఇంకెవరికీ కనిపించదు. అది చెప్పగలిగేది కప్పినవాడు ఒక్కడే. ఇసుక మీద నీళ్లు పరచడానికి నాకు గంటంబావు పట్టింది. ఆమె వచ్చి అడిగాక, ఆ నీళ్లు నావేనని చెప్పడానికి ఆరు రోజులు పట్టింది. మొదటిది వృత్తిలో చేసిన తప్పు, దానికి మెమో వచ్చింది. రెండోదానికి ఏ కాగితమూ రాలేదు.